లెక్కకు రాని ఆట

వార్షికోత్సవం రోజు సాయంత్రం బహుమతుల కార్యక్రమం మొదలయ్యేసరికి మనందరికీ ఒక సంగతి ముందే తెలిసిపోయి ఉంటుంది. స్టేజి మీదికి ఎవరు వెళ్తారో, కింద కూర్చుని చప్పట్లు ఎవరు కొడతారో. పదో తరగతిలో ఫస్టు వచ్చినవాడికి బహుమతి. వంద మీటర్ల పరుగులో ముందు వచ్చినవాడికి బహుమతి. కబడ్డీలో ఎక్కువ పాయింట్లు తెచ్చిన రైడర్‌కి కప్పు. వాళ్ళు కష్టపడ్డారు, ఇవ్వాల్సిందే. నాకు అందులో పేచీ లేదు. కానీ అదే కబడ్డీలో అవతలి రైడర్ చీలమండ పట్టుకుని, గీత దాటకుండా ఆపి, మోచేతులు చెక్కుకుపోయిన కుర్రాడు ఒకడుంటాడు. వాడి పేరు మైకులో వినపడదు.

నేనూ ఈ హాస్టల్లో ఆరేళ్ళు ఉన్నవాణ్ణే. ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తానన్నాను. "మన గ్రౌండులో బాస్కెట్‌బాల్ రింగే లేదు కదన్నా" అన్నాడు ఒక తమ్ముడు. నిజమే. నేను కూడా డిగ్రీ కాలేజీకి వెళ్ళాకే ఆ బంతిని మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. అయినా ఈ మనిషి కథ రింగు ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

బాస్కెట్‌బాల్‌లో అందరికంటే గొప్పవాడెవరు అని అడిగితే చాలామంది మైఖేల్ జోర్డాన్ అంటారు. ఇప్పటి కుర్రాళ్ళు లెబ్రాన్ జేమ్స్ అంటారు. కరీం అబ్దుల్ జబ్బార్ చేసిన 38,387 పాయింట్ల రికార్డును లెబ్రాన్ 2023 ఫిబ్రవరిలో దాటేశాడు కాబట్టి వాళ్ళ మాటకు బలం ఉంది. నన్నడిగితే నేను బిల్ రస్సెల్ అంటాను. అతను మ్యాచికి సగటున చేసినవి 15 పాయింట్లే. ఇది చాలామంది మామూలు ఆటగాళ్ళు చేసే స్కోరే. కానీ బోస్టన్ సెల్టిక్స్ జట్టుకు అతను ఆడింది 13 సీజన్లు, ఆ 13 సీజన్లలో జట్టు గెలిచిన ఛాంపియన్‌షిప్‌లు 11. అందులో 1959 నుంచి 1966 వరకు వరసగా ఎనిమిది. జోర్డాన్‌కు ఉన్నవి ఆరు.

పదిహేను పాయింట్లు చేసేవాడు పదకొండు ఛాంపియన్‌షిప్‌లు ఎలా గెలిచాడు? స్కోరు బోర్డు చెప్పని సంగతి ఏదో ఉండాలి కదా. ఆ సంగతి గురించే ఈ వ్యాసం.

ముందు అతని పుట్టుక గురించి నాలుగు మాటలు. బిల్ రస్సెల్ 1934 ఫిబ్రవరి 12న అమెరికా దక్షిణాదిన లూసియానా రాష్ట్రంలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. అక్కడ నల్లవాళ్ళకు వేరే బడి, వేరే నల్లా, వేరే వరస. ఒకసారి వాళ్ళ నాన్న పెట్రోలు పోయించుకోవడానికి కారు ఆపితే, వెనక వచ్చిన తెల్లవాళ్ళందరికీ పోసేదాకా ఆయన్ను నిలబెట్టారు. విసుగు పుట్టి వెళ్ళిపోబోతే బంకువాడు తుపాకీ చూపించాడు. ఇంకోసారి వాళ్ళమ్మ మంచి బట్టలు కట్టుకుని బజారుకు వెళ్తే, అవి తెల్ల ఆడవాళ్ళ బట్టలు, ఇంటికెళ్ళి విప్పేయమని ఒక పోలీసు గద్దించాడు. మంచి బట్టలు కట్టుకుంటే ఎవరికో ఒళ్ళు మండటం, పిలిచేదాకా పక్కన నిలబడాల్సి రావడం – ఇవన్నీ మన తాతలకు తెలియని సంగతులేం కావు. హోటల్లో వేరే గ్లాసు పెట్టిన ఊళ్ళు మన దగ్గరా ఉన్నాయి.

ఆ బాధ భరించలేక కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు వలస వెళ్ళింది. సర్కారు కట్టించిన పేదల ఇళ్ళలో ఉన్నారు. 1946లో, బిల్‌కు పన్నెండేళ్ళప్పుడు, వాళ్ళమ్మ చనిపోయింది. అదే 1946లో అంబేద్కర్ గారు అమెరికాలోని నల్లజాతి మేధావి డూబాయిస్‌కు ఉత్తరం రాశారు. మీ వాళ్ళ స్థితికీ మా వాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందని అందులో చెప్పారు. డూబాయిస్ జవాబు కూడా రాశారు. కాబట్టి రస్సెల్‌ను మనవాడు అనుకోవడంలో తప్పేం లేదు. ఆ చుట్టరికం పెద్దలు ఎప్పుడో కలిపి పెట్టారు.

తల్లి లేని ఆ పిల్లవాడు ఓక్లాండ్ లైబ్రరీలో కూర్చునేవాడు. పుస్తకాల్లో ఉన్న గొప్ప చిత్రకారుల బొమ్మలను చాలాసేపు చూసి, ఇంటికొచ్చి, చూడకుండా గీయడానికి ప్రయత్నించేవాడట. బొమ్మలు కుదరలేదు. కానీ చూసింది చూసినట్టు మనసులో నిలబెట్టుకోవడం అలవాటైంది. తర్వాత ఆటగాళ్ళ కదలికలను కూడా అలాగే మనసులో గీసుకున్నాడు. కోచింగ్‌కు డబ్బుల్లేనివాడు తన కళ్ళనే కోచింగ్ సెంటరుగా మార్చుకున్నాడన్నమాట.

చిన్నప్పుడు ఏమంత ఆటగాడు కాదు. ఒక బడి జట్టులోంచి తీసేశారు. మెక్లిమాండ్స్ హైస్కూల్లో జార్జ్ పౌల్స్ అనే తెల్ల మాస్టారు మాత్రం అతన్ని వదులుకోలేదు. జట్టుకు యూనిఫారాలు పదిహేనే ఉంటే, చివరి యూనిఫారాన్ని రస్సెల్‌కూ ఇంకో కుర్రాడికీ కలిపి ఇచ్చారు. ఒక మ్యాచికి ఇతను వేసుకోవాలి, ఇంకో మ్యాచికి అతను. ఒక్క చొక్కాను ఇద్దరు పంచుకోవడం అంటే ఏమిటో ఈ సంచిక చదివేవాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

హైస్కూలు అయ్యాక స్కాలర్‌షిప్ ఇస్తామని వచ్చింది ఒక్కటే, శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం. అక్కడ రూమ్మేటు కె.సి. జోన్స్. ఇద్దరూ రాత్రిళ్ళు ఆట గురించే మాట్లాడుకునేవారు. బంతి ఏ కోణంలో విసిరితే రింగుకు తగిలి ఎటు వస్తుంది, ఎక్కడ నిలబడితే అవతలివాడి దారి మూసుకుపోతుంది – లెక్కల మాస్టారి పాఠంలా రేఖాగణితం వేసుకునేవారు. ఆ జట్టు 1955లో, 1956లో జాతీయ కాలేజీ ఛాంపియన్ అయింది. రస్సెల్ ఉన్నప్పుడే వరసగా 55 మ్యాచులు గెలిచింది. బుట్ట దగ్గర ఇతను నిలబడితే ఎవరూ ఏమీ చేయలేకపోతున్నారని, బుట్ట ముందున్న ప్రాంతం వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. ఒక్క మనిషి కోసం గీతలు చెరిపి మళ్ళీ గీశారన్నమాట. 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. ఆ డిసెంబరులోనే బోస్టన్‌లో కాలు పెట్టాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రస్సెల్ ఆడిన ఆట ఏమిటి? అవతలివాళ్ళ బంతిని ఆపడం. రింగుకు తగిలి బయటికొచ్చిన బంతిని పట్టుకోవడం. పట్టుకున్న మరుక్షణం ముందుకు పరిగెత్తే తోటివాడికి అందించడం. రెండోదాన్ని రీబౌండ్ అంటారు. దానికి లెక్క ఉంది కాబట్టి మనకు తెలుస్తోంది – మొత్తం 21,620, అంటే మ్యాచికి 22 పైచిలుకు. ఆ లీగు చరిత్రలో 20,000 దాటినవాళ్ళు అతనూ, విల్ట్ చాంబర్లేనూ, ఇద్దరే.

మొదటిదాన్ని బ్లాక్ అంటారు. రస్సెల్ పేరు వింటే బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్ళకు మొదట గుర్తొచ్చేది అదే. మరి రస్సెల్ మొత్తం ఎన్ని బ్లాకులు చేశాడు? లెక్క లేదు. ఆ లీగులో బ్లాకులను అధికారికంగా లెక్కపెట్టడం 1973–74 సీజన్‌లో మొదలైంది. రస్సెల్ రిటైరయింది 1969లో. ప్రపంచంలో అతనికంటే బాగా ఎవరూ చేయలేని పనికి, అతను పనిచేసిన కాలంలో రికార్డు పుస్తకంలో ఒక గడి కూడా లేదు.

ఇక్కడ ఇంకో విశేషం ఉంది. బంతిని ఆపేటప్పుడు చాలామంది బలంగా కొట్టి జనంలోకి పంపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, ఈలలు పడతాయి. కానీ బంతి బయటికి పోతే మళ్ళీ అవతలి జట్టుకే ఇస్తారు. రస్సెల్ అలా కొట్టడు. మెల్లగా తట్టి, బంతిని కోర్టులోనే ఉంచి, తనవాడి చేతిలో పడేలా చూస్తాడు. అక్కడినుంచి బాబ్ కూసీ లాంటివాడు బంతి పట్టుకుని పరిగెడతాడు, అవతల ఇంకొకడు బుట్టలో వేస్తాడు. రెండు పాయింట్లు వేసినవాడి ఖాతాలో పడతాయి, పాసు ఇచ్చినవాడి పేరూ రాస్తారు. ఆ రెండు పాయింట్లను పుట్టించినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఈల కావాలా, బంతి కావాలా అంటే అతను బంతినే కోరుకున్నాడు.

విల్ట్ చాంబర్లేన్‌తో పోల్చి చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అతనూ మహా ఆటగాడే. 1962 మార్చి 2న ఒక్క మ్యాచిలో 100 పాయింట్లు చేశాడు, ఈనాటికీ దాన్నెవరూ అందుకోలేదు. ఆ సీజన్లో అతని సగటు మ్యాచికి 50.4. మరి ఆ ఏడాది లీగులో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఎవరికొచ్చింది? రస్సెల్‌కు. ఆ రోజుల్లో ఆ పురస్కారానికి ఓటు వేసేది ఆటగాళ్ళే. ఎదురుగా నిలబడి ఆడినవాళ్ళకు తెలుసు, ఎవడు తమను నిద్రపోనివ్వడో. 1958లో ఇంకా చిత్రం జరిగింది. ఆటగాళ్ళు ఓట్లేసి రస్సెల్‌ను ఏడాదికి ఉత్తమ ఆటగాడన్నారు. పత్రికలవాళ్ళు ఎంపిక చేసిన ఉత్తమ అయిదుగురిలో మాత్రం అతని పేరు లేదు, రెండో జట్టులో వేశారు. పక్కనుంచి చూసినవాడికీ, లోపల ఆడినవాడికీ ఉన్న తేడా అది. మొత్తం మీద ఆ పురస్కారం అతనికి ఐదుసార్లు వచ్చింది.

నా మాటకు అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వాదన కూడా న్యాయంగా వినాలి. రస్సెల్ వచ్చేనాటికి ఆ లీగులో ఎనిమిది జట్లే ఉన్నాయి, అతను మానేసేనాటికి పద్నాలుగు, ఇప్పుడు ముప్పై. కాబట్టి అప్పుడు గెలవడం తేలిక అంటారు. అతని పక్కన కూసీ, శామ్ జోన్స్, కె.సి. జోన్స్ లాంటి ఉద్దండులు ఉన్నారని, కోచ్ రెడ్ ఆవర్‌బాక్ గట్టివాడని అంటారు. అన్నీ నిజాలే. అయితే రెండు సంగతులు చూడండి. కూసీ 1950 నుంచీ ఆ జట్టులో ఉన్నాడు, ఆవర్‌బాక్ కూడా అప్పటినుంచే ఉన్నారు. పాయింట్లు చేయడంలో ముందుండే జట్టది. కానీ రస్సెల్ రాకముందు ఒక్కసారి కూడా ఫైనల్‌కు చేరలేదు. అతను వచ్చిన మొదటి సీజన్లోనే, 1957లో, ఛాంపియన్ అయింది. అతను వెళ్ళిపోయిన మరుసటి సీజన్లో అదే జట్టు 34 గెలిచి 48 ఓడి, నాకౌట్ దశకే చేరలేకపోయింది. కొలిచే సాధనం లేకపోతే, ఆ వస్తువు తీసేసి చూడాలి. బరువెంతో అప్పుడు తెలుస్తుంది.

ఇంతవరకు చదివి, "అయితే అన్నా, మనం పేరు ఆశించకుండా ఇంకొకరి కోసం పనిచేస్తూ ఉండాలా?" అని మీరడగొచ్చు. అడగాలి కూడా. ఎందుకంటే మన తాతముత్తాతలు తరతరాలుగా చేసింది అదే. పొలాలు వాళ్ళు దున్నారు, పంట పేరు వేరేవాళ్ళది. చెప్పులు వాళ్ళు కుట్టారు, ఊరి వీధిలో ఆ చెప్పులు వాళ్ళే వేసుకోకూడదు. లెక్కకు రాని పని చేయడం గొప్పతనమే అయితే మనకంటే గొప్పవాళ్ళు లేరు! ఆ పాఠం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను రస్సెల్‌ను ఎంచుకున్నది సరిగ్గా ఇందుకే. జట్టు కోసం తగ్గడం వేరు, ఒకడి ముందు తలవంచడం వేరు. ఈ రెండూ ఒకటేనని మనల్ని నమ్మించినవాళ్ళు చాలామంది. ఇవి రెండూ ఒకటి కావని తన జీవితమంతా ఆడి చూపించినవాడు రస్సెల్.

1961 అక్టోబరులో సెల్టిక్స్ జట్టు ఒక ప్రదర్శన మ్యాచికి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ వెళ్ళింది. దిగిన హోటల్లోనే నల్ల ఆటగాళ్ళకు తిండి పెట్టమన్నారు. సాయంత్రం వాళ్ళ ఆట చూడ్డానికి టిక్కెట్లు కొన్న ఊరే అది. రస్సెల్, మిగతా నల్ల ఆటగాళ్ళు మ్యాచి ఆడకుండా విమానమెక్కి వెళ్ళిపోయారు. ఎదుటి జట్టులోని నల్ల ఆటగాళ్ళూ ఆడలేదు. మ్యాచి మిగతావాళ్ళతో జరిగింది. తోటివాడికి బంతి ఇవ్వడానికి తన పేరు వదులుకున్నవాడు, కూడు పెట్టనివాడికి తన ఆట మాత్రం ఇవ్వలేదు.

1964 జనవరిలో బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచి. టీవీలో ప్రసారం. ఆటగాళ్ళకు పింఛను పథకం కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు, యజమానులు దాటవేస్తున్నారు. ఆ రాత్రి ఆటగాళ్ళు మాట ఇచ్చేదాకా డ్రెస్సింగ్ రూములోంచి బయటికి రామన్నారు. అందులో రస్సెల్ ఉన్నాడు. మాట ఇచ్చాకే ఆట మొదలైంది. 1965లో చాంబర్లేన్‌కు ఏడాదికి లక్ష డాలర్ల ఒప్పందం కుదిరితే, రస్సెల్ లక్షా ఒక్క డాలరుకు సంతకం పెట్టాడు. ఆ ఒక్క డాలరుతో ఏం కొనుక్కుంటాడు? ఏమీ కొనుక్కోడు. లెక్క సరిచేశాడు, అంతే.

మెడ్గర్ ఎవర్స్ అనే నల్లజాతి నాయకుణ్ణి 1963 జూన్‌లో మిసిసిపీలో కాల్చి చంపారు. ఆ తర్వాత రస్సెల్ ఆ రాష్ట్రానికే వెళ్ళి, నల్ల పిల్లలకూ తెల్ల పిల్లలకూ కలిపి బాస్కెట్‌బాల్ శిబిరం పెట్టాడు. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు ముహమ్మద్ అలీ మీద దేశమంతా విరుచుకుపడుతుంటే, క్లీవ్‌లాండ్‌లో అలీ పక్కన కూర్చున్న క్రీడాకారుల్లో రస్సెల్ ఒకడు. తెల్లజాతి అభిమానులు ఏమనుకుంటారో అని అతను లెక్కపెట్టుకోలేదు.

దీనికి మూల్యం కూడా చెల్లించాడు. బోస్టన్‌కు పదకొండు కప్పులు తెచ్చిన మనిషి, దగ్గర్లోని రీడింగ్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాడు. ఇంట్లో లేనప్పుడు దుండగులు జొరబడి, గోడల మీద జాతి పేరుతో బూతులు రాసి, ట్రోఫీలు పగలగొట్టి, మంచం మీద మలం పోసి వెళ్ళారు. అదే ఊళ్ళో ఇంకో వీధికి మారబోతే అక్కడివాళ్ళు వద్దని సంతకాలు సేకరించారు. ఆటస్థలంలో చప్పట్లు కొట్టిన ఊరు, పక్కింట్లో ఉంటానంటే ఒప్పుకోలేదు. పట్నంలో ఇల్లు అద్దెకు వెతుక్కుంటూ, "మీరేమిట్లు?" అనే ప్రశ్న విన్న ప్రతివాడికీ ఈ వీధి తెలుసు. అందుకే రస్సెల్ తాను బోస్టన్ నగరానికి ఆడలేదు, సెల్టిక్స్ జట్టుకు ఆడానని చెప్పేవాడు.

అవమానం జరిగినా ఆట తగ్గలేదు, కోపం వచ్చినా జట్టును వదల్లేదు. 1964 డిసెంబరు 26న రస్సెల్, శామ్ జోన్స్, కె.సి. జోన్స్, టామ్ సాండర్స్, విలీ నాల్స్ – ఐదుగురు నల్ల ఆటగాళ్ళతో సెల్టిక్స్ మ్యాచి మొదలుపెట్టింది. ఆ లీగులో అలా జరగడం అదే మొదటిసారి. 1966లో ఆవర్‌బాక్ కోచ్‌గా తప్పుకుని ఆ బాధ్యత రస్సెల్‌కు ఇచ్చారు. లీగు చరిత్రలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ అతనే. ఆడుతూనే కోచ్‌గా చేశాడు. మొదటి ఏడాది ఓడిపోయాడు. చూశారా, చేతకాదు అన్నవాళ్ళు ఉండే ఉంటారు. తర్వాత 1968లో, 1969లో గెలిచాడు. 1969 ఫైనల్ చివరి మ్యాచి మే 5న లాస్ ఏంజిలిస్‌లో. తామే గెలుస్తామన్న నమ్మకంతో అక్కడివాళ్ళు పైకప్పుకు బెలూన్లు కట్టి ఉంచారు. బోస్టన్ 108–106తో గెలిచింది. బెలూన్లు పైనే ఉండిపోయాయి. ముప్పై అయిదేళ్ళ రస్సెల్ అంతటితో ఆట మానేశాడు.

అతన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. మ్యాచికి ముందు భయంతో వాంతి చేసుకునేవాడు. అభిమానులకు ఆటోగ్రాఫ్ ఇచ్చేవాడు కాదు, కావాలంటే కరచాలనం చేస్తానని చెప్పేవాడు. గర్విష్ఠి అని చాలామందికి కోపం. కోచ్‌గా అన్నిచోట్లా గెలవలేదు. 1987–88లో శాక్రమెంటో జట్టుకు కోచ్‌గా ఉన్నప్పుడు 17 గెలిచి 41 ఓడి, సీజను పూర్తికాకముందే పదవి పోగొట్టుకున్నాడు. పాతికేళ్ళ కింద గెలిచిన పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. ఇదీ మనం తెలుసుకోవాల్సిందే.

చివరగా ఒక ఉంగరం కథ. 1975లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు అతన్ని ఎంపిక చేశారు. ఆటగాడిగా ఆ గౌరవం దక్కిన మొదటి నల్లవాడు అతనే అవుతాడు. రస్సెల్ వెళ్ళలేదు. తనకంటే ముందు దారి వేసిన నల్ల ఆటగాళ్ళు ఉండగా తాను మొదటివాణ్ణి ఎలా అవుతానన్నది అతని మాట. 1950లో ఆ లీగు జట్టు ఎంపిక చేసుకున్న మొదటి నల్ల ఆటగాడు చక్ కూపర్. అదే సెల్టిక్స్ జట్టువాడు. కూపర్‌కు 2019లో ఆ గౌరవం దక్కింది. ఆ ఏడాదే రస్సెల్ తన ఉంగరం తీసుకున్నాడు. నలభై నాలుగేళ్ళు ఆగాడు. లెక్కలోకి రానివాడి పేరు లెక్కలోకి వచ్చాకే తన పేరు రాయించుకున్నాడు. నా దృష్టిలో అతని పదకొండు ఛాంపియన్‌షిప్‌ల పక్కన పెట్టాల్సిన పన్నెండోది ఇదే.

ఈలోగా లోకం మెల్లగా లెక్క సరిచేసుకుంది. ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ట్రోఫీకి 2009లో రస్సెల్ పేరు పెట్టారు. 2011లో అధ్యక్షుడు ఒబామా ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం మెడలో వేశాడు. ఇల్లు పాడుచేసిన ఊరి పక్కనే, బోస్టన్ నగర కార్యాలయం ముందు, 2013లో విగ్రహం వెలిసింది. 2022 జులై 31న 88 ఏళ్ళ వయసులో అతను చనిపోయాక, అతని 6వ నంబరును ఇక కొత్తగా ఎవరికీ ఇవ్వకూడదని లీగు మొత్తం నిర్ణయించింది. ఇంకో కుర్రాడితో ఒక చొక్కా పంచుకున్న కుర్రాడి నంబరును ఇప్పుడు ఏ జట్టూ ఇంకొకరికి ఇవ్వదు.

తమ్ముళ్ళూ, ఇక మన సంగతి. మన హాస్టల్లోనూ రస్సెల్‌లు ఉన్నారు. రాత్రి పదింటికి లైట్లు ఆర్పాక వరండా దీపం కింద చిన్న తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. జ్వరం వచ్చినవాడికి మెస్సు నుంచి గంజి పట్టుకొచ్చి, ఆసుపత్రికి సైకిలు మీద తీసుకెళ్ళేవాడు. ఇంటి మీద బెంగతో పెట్టె సర్దుకున్న ఆరో తరగతి పిల్లవాణ్ణి గేటు దగ్గర ఆపి, మళ్ళీ లోపలికి తీసుకొచ్చేవాడు. వీటికి రిజిస్టరు లేదు, మార్కులు లేవు. కానీ వీళ్ళలో ఒక్కడు సెలవు పెట్టి ఇంటికెళ్తే హాస్టలు వారం రోజులు కుంటుతుంది. తీసేసి చూస్తే బరువు తెలుస్తుందని పైన చెప్పాను కదా.

వచ్చే ఏడాది బహుమతుల జాబితాలో ఇంకొక్క లైను చేర్చమని వార్డెన్ గారినీ, మాస్టార్లనూ నేను ఈ సంచిక ద్వారా కోరుతున్నాను. ఆ బహుమతికి మార్కుల లిస్టు వద్దు, స్కోరు షీటు వద్దు. పిల్లలందరూ చీటీల మీద ఒక్క పేరు రాసి డబ్బాలో వేయాలి. బయటివాళ్ళకు తెలియనిది లోపల ఆడినవాళ్ళకు తెలుస్తుంది. కప్పు పెద్దది కానక్కర్లేదు. పేరు మాత్రం మైకులో గట్టిగా చదవాలి.

మీకు నేను చెప్పేది రెండే మాటలు. మీ పక్కవాడి కోసం బంతిని మెల్లగా తట్టండి, ఈలల కోసం జనంలోకి కొట్టకండి. మీకు తిండి పెట్టని చోట మాత్రం ఆడకండి. మొదటిది చేసి రెండోది చేయకపోతే బానిసలమవుతాం, రెండోది చేసి మొదటిది చేయకపోతే ఒంటరివాళ్ళమవుతాం. రెండూ చేసినవాడు పదమూడేళ్ళలో పదకొండుసార్లు గెలిచాడు.

మన గ్రౌండుకు రింగు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. ఈ ఆట ఆడటానికి మాత్రం రింగు అక్కర్లేదు.